వీరబాహు వేషం ఎవరు వేస్తారు?

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మన హాస్టల్ వార్షికోత్సవానికి హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీను వేశాం. నాటకమంతా వేసే ధైర్యం లేదు. పద్యానికి నోరు తిరిగేవాళ్ళు మాలో ఇద్దరే. హరిశ్చంద్రుడు, చంద్రమతి, లోహితుడు, వీరబాహు అని నాలుగు వేషాలు అనుకున్నాం. హరిశ్చంద్రుడి వేషానికి పదకొండు మంది పేర్లిచ్చారు. చీర కట్టడానికి సిగ్గుపడుతూనే చంద్రమతికి ఒకడు ఒప్పుకున్నాడు. లోహితుడికి ఐదో తరగతి పిల్లవాడు దొరికాడు, కదలకుండా పడుకుంటే చాలు కదా! వీరబాహు వేషానికి మాత్రం ఒక్క పేరు కూడా రాలేదు. ఎందుకో ఎవరూ పైకి చెప్పలేదు. ఆ వేషం కట్టినవాణ్ణి మర్నాడు బళ్ళో ఏమని పిలుస్తారో అందరికీ తెలుసు. చివరికి వీరబాహును స్టేజీ మీదికి తేకుండా, తెర వెనక నుంచి ఒక గొంతు మాత్రం వినిపించి సరిపెట్టాం.

ఎం.ఏ. తెలుగులో పాత్రచిత్రణ గురించి పాఠం విన్న రోజు మాకు ఆ గొంతే గుర్తుకొచ్చింది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

విషాద నాటకంలో నాయకుడు ఎలాంటివాడో తెలియడానికి అతని మాటలు మాత్రమే చాలవు. తన గురించి తాను ఎవరైనా గొప్పగానే చెప్పుకుంటారు. అందుకని నాటకకర్త అదే కష్టంలో, లేదా అలాంటి కష్టంలో, ఇంకొకరిని తెచ్చి పక్కన నిలబెడతాడు. ఇద్దరూ వేర్వేరు దారుల్లో నడిస్తే మొదటివాడి గుణం మనకు కనబడుతుంది. ఇలాంటి పక్కపాత్రను ఇంగ్లీషు విమర్శకులు ఫాయిల్ అంటారు. నగ చేసేవారు రాయి మెరవడానికి దాని కింద పెట్టే పల్చని రేకు పేరు అది. మన భాషలో గీటురాయి ఉండనే ఉంది.

షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలో ముగ్గురు కొడుకులు ఉన్నారు. ముగ్గురి తండ్రులూ చంపబడ్డవాళ్ళే. లేర్టీస్ కబురు వినగానే జనాన్ని వెంటేసుకుని రాజభవనం మీద పడతాడు. ఫోర్టిన్‌బ్రాస్ ఎందుకూ కొరగాని చిన్న నేల ముక్క కోసం వేల సైన్యాన్ని నడిపిస్తాడు. హామ్లెట్ మాత్రం ఆలోచిస్తూ ఉంటాడు. అతని ఆలస్యం పిరికితనమా, వివేకమా అని మనం వాదించుకోగలుగుతున్నామంటే ఆ ఇద్దరూ ఉండబట్టే. గ్రీకు నాటకం ఆంటిగొనిలో అక్కాచెల్లెళ్ళదీ ఇదే సంగతి. అన్న శవాన్ని పాతిపెట్టకూడదని రాజాజ్ఞ. ఇస్మెనే భయపడుతుంది, ఆంటిగొని భయపడదు. కానీ ఇస్మెనే చెడ్డ మనిషి కాదు, మనలో చాలామంది లాంటి మనిషి. అందుకే ఆంటిగొని అంత ఎత్తుగా కనబడుతుంది.

మన దగ్గరికి వద్దాం. సంస్కృత నాటక సంప్రదాయం విషాదంతో ముగించడానికి ఒప్పుకోదు. భాసుడి పేర దొరికిన ఊరుభంగం లాంటివి అరుదు. తెలుగులో బళ్ళారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల విషాద సారంగధరను మొదటి విషాదాంత నాటకంగా చెబుతారు. హరిశ్చంద్ర నాటకం లెక్క ప్రకారం విషాదాంతం కాదు. చివర్లో దేవతలు దిగివస్తారు, కొడుకు లేచి కూర్చుంటాడు, రాజ్యం తిరిగి వస్తుంది. అయితే ప్రేక్షకులు వన్స్ మోర్ అని అరిచేది కాటి సీనుకే గాని దేవతలు దిగే సీనుకు కాదు. కాబట్టి కాటి దాకా అది విషాద నాటకమేనని మా అభిప్రాయం. మా గురువులు ఒప్పుకోకపోవచ్చు.

కథ మీకు తెలిసిందే. లోకంలో ఆడి తప్పనివాడు హరిశ్చంద్రుడని వసిష్ఠుడు అంటే, విశ్వామిత్రుడు పంతం పట్టాడు. రాజ్యం లాక్కున్నాడు. యాగానికి ఇస్తానన్న ధనం ఇంకా బాకీ ఉందని, వసూలుకు శిష్యుడు నక్షత్రకుణ్ణి వెంట పంపాడు. అప్పు కోసం వేధించేవాణ్ణి మన ఊళ్ళల్లో ఈనాటికీ నక్షత్రకుడనే అంటారు. అంటే ఆ పాత్ర ఎంత బాగా పండిందో చూడండి. కాశీ దారిలో అతను చేసే పని తిట్టడం ఒక్కటే కాదు. ఇవ్వలేనని ఒక్క మాట అను, నీ దారిన నువ్వు పో, అని ఆశ కూడా పెడతాడు. అబద్ధానికి దారి తెరిచి పెట్టి పక్కనే నడుస్తుంటాడు. తెరిచిన తలుపు ఎదురుగా లేకపోతే హరిశ్చంద్రుడి సత్యానికి పరీక్ష ఎక్కడుంది? విశ్వామిత్రుడు దూరంగా ఉన్న శత్రువు. నక్షత్రకుడు రోజూ పక్కనే ఉండే సుఖం. ఈ రెండోవాడే కష్టం.

చంద్రమతి సంగతి వేరు. ఆమె భర్తకు ఎదురు నిలబడదు, ఒక మెట్టు ముందు ఉంటుంది. తనను అమ్మమని ముందుగా అన్నది ఆమే. కాటిలో కొడుకు శవం పెట్టుకుని ఏడుస్తున్నప్పుడు, కాటి సుంకం కట్టనిదే దహనం కుదరదని చీకట్లో కాపరి అంటాడు. ఆ కాపరి తన భర్త అని ఆమెకు తెలియదు. మెడలో మంగళసూత్రం ఉంది కదా, అమ్మి తెమ్మంటాడు. భర్తకు తప్ప వేరెవరికీ కనబడని సూత్రం అది. అప్పుడు గుర్తుపడుతుంది. గుర్తుపట్టాక కూడా అతను సుంకం మాఫీ చేయడు. తల్లి దుఃఖం పక్కన పెట్టి చూస్తే అతని సత్యం మొదటిసారి మనకు భయం కలిగిస్తుంది. గొప్ప గుణమే మనిషిని రాయిని చేయగలదా అనిపిస్తుంది. విషాద నాటకం మన చేత అడిగించే ప్రశ్న అదే.

ఇంతవరకూ తరగతి గదిలో చెప్పేవే. ఇక మాకు కొరుకుడు పడని సంగతి.

గౌరన 15వ శతాబ్దంలో రాసిన ద్విపద కావ్యం నుంచీ మన హరిశ్చంద్ర కథలో మాతంగ కన్యలు కనబడతారు. వీళ్ళిద్దరినీ పెళ్ళాడు, లేదా రాజ్యం ఇవ్వు అనే దాకా వస్తుంది విశ్వామిత్రుడి పట్టు. హరిశ్చంద్రుడు రాజ్యమే వదులుకుంటాడు. ఇక్కడ ఆ పిల్లలు కూడా గీటురాళ్ళే. వాళ్ళ పక్కన నిలబడితే రాజు ఎంత కులం తప్పనివాడో తెలుస్తుందని కవి ఉద్దేశం. మేము చదివినప్పుడు తెలిసింది ఇంకొకటి. సింహాసనం కంటే అంటు బరువైనదన్నమాట ఆ రాజుకు! ఆడిన మాట తప్పనివాడే, కానీ ఆ ఒక్కచోట ఆయన సత్యానికి కళ్ళు లేవు.

అదే రాజును చివరికి కొన్నది కాటి యజమాని వీరబాహు. రాజు ఎంత కిందికి పడ్డాడో చూపడానికి ఆ పాత్రను పెట్టారు. అంటే పడిపోవడానికి కొలబద్ద మనవాళ్ళు! మార్కండేయ పురాణంలో రాజు చండాలుడి సేవకు ఒప్పుకోక, మునికే దాసుడిగా ఉంటానని బతిమాలుతాడు. కొనవచ్చిన చండాలుడు మారువేషంలో ఉన్న ధర్ముడని అదే పురాణం చెబుతుంది. ఎందుకో మరి, మారువేషం కాకుండా ఉత్త మనిషైతే ధర్మంగా ఉండలేడా?

వీరబాహు చేసిన పనులు చూడండి. అడిగిన ధర ఇచ్చాడు. బేరం చెడగొట్టలేదు. పని ఏమిటో, సుంకం ఎంతో, అందులో ఎవరి వాటా ఏమిటో విడమరిచి చెప్పాడు. ఆయన పక్కన చంద్రమతిని కొన్న కాలకౌశికుడి ఇంటిని పెట్టండి. కొడుకును పాము కరిచిందన్న కబురు వచ్చినా ఇంటి పని ముగిసేదాకా ఆ తల్లిని కదలనివ్వలేదు. ఇద్దరు యజమానులను ఎదురెదురుగా నిలబెడితే నాటకం వేరే కథ చెబుతుంది. ఇంకొక మాట. హరిశ్చంద్రుడి చివరి బాకీ తీరింది వీరబాహు సొమ్ముతో. ఆ సత్యం నిలబడింది కాటి డబ్బు మీద. స్టేజీ మీద మాత్రం ఆయన చేతికి కల్లు కుండ ఇచ్చి తూలిస్తారు, జనం నవ్వుతారు.

ఇందులో ఇంకో విశేషం ఉంది. తెలుగునాట ఎక్కువగా ఆడేది బలిజేపల్లి లక్ష్మీకాంత కవి నాటకం. కానీ కాటి సీనులో నటులు రాగాలు తీసి పాడే పద్యాల్లో కొన్ని ఆయనవి కావు, గుర్రం జాషువావి. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానితనం అనుభవించి, 1971లో కన్నుమూసిన జాషువా శ్మశానవాటి అనే ఖండిక రాశారు. రాజూ కవీ పసిబిడ్డా ఒకే బూడిద అవుతారని, కులం ఎవర్నీ దూరంగా నిలబెట్టలేని చోటు అదొక్కటేనని ఆ పద్యాల సారం. డి.వి. సుబ్బారావు వంటి నటులు వాటిని పాడి పేరు తెచ్చుకున్నారు. వినేవాళ్ళలో చాలామంది అవీ బలిజేపల్లివే అనుకుంటారు. మాతంగ కన్యలను కాదన్న రాజు నోట జాషువా పద్యం పలకడం కంటే పెద్ద ఎదురుపాత్ర ఏముంది? అది ఏ నాటకకర్తా రాసింది కాదు, నటులు వాళ్ళంతట వాళ్ళు తెచ్చి పెట్టుకున్నది.

అయితే జాషువాతో ఒక్క విషయంలో మాకు పేచీ ఉంది. మా ఊళ్ళో శ్మశానాలు రెండు. ఊరిది చెరువు పక్కన, మాది బండల వెనక. గండిపేట చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన తమ్ముళ్ళు తమ ఊరి సంగతి తామే చూసుకోవచ్చు.

ఈసారి వార్షికోత్సవానికి మళ్ళీ కాటి సీను వేయాలని పిల్లలు అడుగుతున్నారట. సంతోషం. హరిశ్చంద్రుడికి ఎంతమంది పోటీ పడతారో మాకు తెలియదు. వీరబాహును మాత్రం తెర వెనక దాచకండి. కల్లు కుండ తీసేసి చేతికి కర్ర ఇవ్వండి, తూలకుండా నడిచి వచ్చి డబ్బు లెక్కపెట్టి ఇమ్మనండి. పాత విద్యార్థులకు వేషం ఇచ్చే రూలు ఉంటే, ఆ పాత్ర దగ్గర మా పేరు రాసుకోండి.