చుట్టల కొట్టు, మా తాతయ్య బెంచీ

ఈరోజు ఒక కొట్టు గురించి మాట్లాడుకుందాం. ముందే చెప్పేస్తున్నా, నేను చుట్ట కాల్చను, సిగరెట్ కాల్చను, అసలేదీ కాల్చను. ఎందుకో ఇందులోనే వస్తుంది. కానీ చిన్నప్పుడు మా తోట్లవల్లూరులో నాకు బాగా ఇష్టమైన కొట్టు ఏదంటే, మిఠాయి కొట్టు కాదు, పొగాకు కొట్టు!

షెర్లాక్ హోమ్స్ అనగానే పైపు గుర్తొస్తుంది కదా. ఆయన పొగాకు బూడిద చూసి అది ఏ రకమో చెప్పేస్తాడు. 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో ఆ విషయం చెబుతూ ఇండియా నుంచి వచ్చే 'లంకా' అనే చుట్ట పేరు ఎత్తుతాడు. అది శ్రీలంక అనుకునేరు. మన గోదావరి లంకలండీ! వరదలకి ఏటి మధ్య మేటవేసిన ఒండ్రు నేల. మా కరకట్ట దిగితే కృష్ణలోనూ అలాంటి లంకలే కనిపిస్తాయి, మావాళ్ళు వాటిల్లో అరటి, పసుపు, కంద వేస్తారు. గోదావరి లంకల్లో మాత్రం పొగాకు వేశారు, అది లండన్ డిటెక్టివ్ నోటి దాకా వెళ్ళింది. అన్నట్టు ఇంగ్లీషు 'చెరూట్' మాట కూడా మన దక్షిణాదిదే. తమిళంలో సురుట్టు, మనకి చుట్ట. చుట్టేది కాబట్టి చుట్ట, అంతే.

ఇక కొట్టు. లోపలికి అడుగుపెట్టక ముందే వాసన వచ్చేది. కాల్చిన పొగ వాసన కాదు, ఎండిన ఆకు వాసన. కొంచెం బెల్లంలా, కొంచెం తడి మట్టిలా. గుమ్మం పక్కన కొబ్బరి తాడు ఒకటి వేలాడుతూ ఉండేది, దాని కొస ఎప్పుడూ రాజుకుంటూనే ఉండేది. చుట్ట కొన్నవాళ్ళు దానికే ముట్టించుకునేవాళ్ళు, అగ్గిపెట్టె ఖర్చు లేదు. లోపల చాప మీద కొట్టు మావయ్య. ఆకు మీద నీళ్ళు చిలకరించి మెత్తబరిచేవాడు, మధ్య ఈనె చీల్చి తీసేసేవాడు, ముక్కలాకు లోపల పెట్టి, చిరుగులేని ఆకు పైన చుట్టేవాడు. గట్టిగా చుడితే పొగ లాగదు, వదులుగా చుడితే గబగబా కాలిపోతుంది. ఆ బిగువు వేళ్ళకి తెలియాల్సిందే, చెప్తే రాదు.

పక్క డబ్బాలో నస్యం, అంటే ముక్కుపొడుం. ఒకప్పుడు మన బందరు నస్యానికి చాలా పేరుండేది. మావయ్య దాన్ని ఎండిన అరటి పట్టలో పొట్లం కట్టి ఇచ్చేవాడు. నేను ఒకసారి వాసన చూసి పదకొండు తుమ్ములు తుమ్మాను. లెక్కపెట్టింది తాతయ్యే.

నాలుగో తరగతిలో తాతయ్య నన్నే పంపేవాడు. అప్పటికింకా 2003 చట్టం రాలేదు. ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి అమ్మినా, వాళ్ళతో అమ్మించినా నేరం. నేను వెళ్ళి నిలబడితే చాలు, మావయ్య అడక్కుండానే తాతయ్య రకం తీసేవాడు. ఊళ్ళో ఎవరికి ఘాటు కావాలో, ఎవరికి సన్నది కావాలో, ఎవరు అప్పు పెడతారో అన్నీ ఆయనకి నోటికే. బెంచీ మీద ముసలాళ్ళు. వరి ధర, కాలవ నీళ్ళు, ఎవరింట్లో పెళ్ళి. నాకు కావాల్సింది ఆ కబుర్లే, నిజానికి.

అసలు విషయం ఇప్పుడు. నేను డిగ్రీలో ఉండగా ఒకరోజు తాతయ్య బెంచీ మీద కూర్చుని పెద్దగా నవ్వాడంట. మావయ్య చుట్ట ఇవ్వబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"బాబాయ్, నోరు ఒకసారి తెరువు."

"ఏంట్రా, పళ్ళు లెక్కెడతావా?"

"తెరవమన్నానా!"

బుగ్గ లోపల తెల్ల మచ్చ. మావయ్య ఆరోజు చుట్ట ఇవ్వలేదు. "డాక్టరు చూశాక రా" అన్నాడు. తాతయ్యకి కోపం వచ్చి వారం రోజులు ఆ దారినే పోలేదు. పక్క వీధి కొట్లో కొనుక్కున్నాడు కూడా. చివరికి మావయ్యే ఇంటికొచ్చి మా నాన్నకి చెప్పాడు. విజయవాడ తీసుకెళ్ళి ముక్క తీసి పరీక్ష చేయిస్తే, ఇంకా క్యాన్సర్ కాలేదు, మానకపోతే కావచ్చు అన్నారు. ఉత్తరాంధ్రలో కొందరు ఆడవాళ్ళు నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగుతారు చూడండి, వాళ్ళకైతే ఆ వేడి తగిలి అంగిట్లోనే వస్తుంది.

తాతయ్య మానేశాడు. తేలిగ్గా కాదు. మూడుసార్లు మొదలెట్టి, నాలుగోసారి మానాడు. కానీ బెంచీ మానలేదు! మావయ్య ఆయన కోసం సోంపు డబ్బా ఒకటి పెట్టాడు, డబ్బులు తీసుకోకుండా. అదే వాసనలో కూర్చుని, సోంపు నములుతూ, తాతయ్య ఇంకో తొమ్మిదేళ్ళు ఉన్నాడు. తన సరుకు కొనొద్దని చెప్పిన వ్యాపారి మీద నాకున్న గౌరవం ఎంతో నాకే తెలుసు. ఆ సరుకే కదా ఆ మచ్చ తెచ్చింది అని కూడా తెలుసు. రెండూ నిజమే, నేనేం చెయ్యను?

ఇప్పుడు పెట్టె మీద 85 శాతం హెచ్చరిక బొమ్మే ఉంటుంది. కొనేవాడు చూడడు, అమ్మేవాడు కొనేవాడి మొహం చూడడు, స్కాన్ చేసి పంపిస్తాడు. మీ ఇంట్లో ఎవరైనా చుట్ట, బీడీ, ఖైనీ వాడుతుంటే ఈ రాత్రి ఫోన్ టార్చ్ వేసి నోట్లో చూడండి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు కనిపిస్తే పళ్ళ డాక్టరు దగ్గరికైనా తీసుకెళ్ళండి. మానాలనుకునేవాళ్ళకి 1800-11-2356, డబ్బులు పడవు.

మొన్న ఊరెళ్ళాను. మావయ్య చుట్టడం మానేశాడు, వేళ్ళు వంగడం లేదంట. నన్ను చూడగానే, "ఏరా అబ్బాయ్, నోరు తెరువు" అన్నాడు.