వెబ్ పేజీ రచన: నిర్మాణం, అలంకరణ

ఉపోద్ఘాతం

గత పాఠంలో మీరు హెచ్‌టిఎమ్‌ఎల్ టాగులతో ఒక చిన్న పేజీ తయారుచేశారు. సిఎస్‌ఎస్‌తో దానికి రంగులు దిద్దారు. కంప్యూటరు తెరమీద అది చక్కగా కనిపించగానే పని పూర్తయిందని అనిపించడం సహజం. కాని అదే పేజీని ఫోనులో తెరిచి చూడండి. కుడివైపు మాటలు తెర దాటిపోవచ్చు. చూపులేని వారు దాన్ని చదివించుకొని వింటే, ఏ గడిలో ఏం నింపాలో వారికి తెలియకపోవచ్చు. ఈ లోపాలను గుర్తించి సరిచేయడం వచ్చినప్పుడే మీ నేర్పు పెరిగినట్లు.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• అర్థాన్నిబట్టి టాగులను ఎంచుకోగలుగుతారు.
• పెట్టె వెడల్పును లెక్కకట్టగలుగుతారు.
• రెండు సిఎస్‌ఎస్ నియమాలు తలపడినప్పుడు ఏది చెల్లుతుందో చెప్పగలుగుతారు.

గమనిక: ఈ పాఠంలో టాగుల పేర్లను తెలుగు లిపిలో ఇచ్చాం. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయండి.

1. ముందు నిర్మాణం

టిమ్ బెర్నర్స్-లీ 1991లో హెచ్‌టిఎమ్‌ఎల్ టాగులను లోకానికి పరిచయం చేశారు. పేజీ రూపాన్ని విడిగా రాసుకొనే పద్ధతిని 1994లో హోకన్ వియుమ్ లీ ప్రతిపాదించారు. అదే సిఎస్‌ఎస్. దాని తొలి ప్రమాణం 1996 డిసెంబరులో వెలువడింది. ఏది శీర్షిక, ఏది పేరా అన్నది హెచ్‌టిఎమ్‌ఎల్ చెబుతుంది. అవి ఎలా కనబడాలో సిఎస్‌ఎస్ చెబుతుంది.

బట్టలు కుట్టే దుకాణానికి మీరు ఒక పేజీ చేస్తున్నారనుకోండి. దుకాణం పేరు హెచ్1లో, కుట్టుకూలి వివరాలు టేబుల్‌లో, ఆర్డరు ఇచ్చే మీట బటన్‌లో ఉండాలి. బటన్‌కు బదులు డివ్ వాడి, దానికి రంగు వేసినా చూపుకు మీటలాగే ఉంటుంది. కాని కీబోర్డుతో పనిచేసే వ్యక్తి ట్యాబ్ నొక్కుతూ పోతే అది దొరకదు. ఆ వ్యక్తి ఆర్డరు ఇవ్వలేడు. దుకాణదారు ఒక బేరం పోగొట్టుకుంటాడు.

అలాగే ఫోను నంబరు రాసే ప్రతి గడికీ లేబుల్ ఉండాలి. ఫొటోలో ఏముందో ఆల్ట్‌లో రాయాలి. పేజీ తెలుగులో ఉంటే మొదటి టాగులో భాష 'టిఇ' అని తెలపండి; తెరను చదివే సాఫ్ట్‌వేరు తెలుగు గొంతును ఎంచుకోవడానికి అది ఆధారం. అక్షరాల సంకేతం యుటిఎఫ్-8 అని కూడా రాయండి. లేకపోతే తెలుగుకు బదులు అర్థంకాని గుర్తులు కనిపించే ప్రమాదం ఉంది.

2. పెట్టె లెక్క

బ్రౌజరు ప్రతి అంశాన్నీ ఒక పెట్టెగా చూస్తుంది. లోపల విషయం, దాని చుట్టూ పాడింగ్, ఆ తరవాత బార్డర్, అన్నిటికన్నా బయట మార్జిన్ ఉంటాయి. మీరు ఇచ్చే వెడల్పు మామూలుగా లోపలి విషయానికే వర్తిస్తుంది. ఇక్కడే కొత్తవారు పొరబడతారు.

ఉదాహరణ: ఫోను తెర వెడల్పు 360 పిక్సెళ్లు. పేజీ మార్జిన్‌ను సున్నా చేశారు. ఒక పెట్టెకు వెడల్పు 100%, పాడింగ్ అన్ని వైపులా 20, బార్డర్ 2 ఇచ్చారు.

విషయం: 360
పాడింగ్: 20 + 20 = 40
బార్డర్: 2 + 2 = 4
మొత్తం: 404 పిక్సెళ్లు

పెట్టె తెరను 44 పిక్సెళ్లు దాటింది. పేజీ పక్కకు జరగడానికి కారణం ఇదే. ఇప్పుడు బాక్స్-సైజింగ్‌కు బార్డర్-బాక్స్ అనే విలువ ఇవ్వండి. పాడింగ్, బార్డర్ రెండూ ఆ 360లోనే ఇముడుతాయి. విషయానికి 316 మిగులుతుంది.

ఫోనుకు సంబంధించి మరో జాగ్రత్త: హెడ్ భాగంలో వ్యూపోర్ట్ మెటా టాగు ఉండాలి. అది లేకపోతే ఫోను పేజీని పెద్ద తెరకు రాసినదిగా భావించి కుదించి చూపుతుంది. అక్షరాలు చీమల్లా కనబడతాయి.

తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. అందుచేత లైన్-హైట్ 1.6 నుంచి 1.8 వరకు ఇచ్చి చూడండి. పంక్తులు ఒకదానినొకటి తాకవు.

3. ఏ నియమం చెల్లుతుంది?

ఒకే పేరాకు రెండు నియమాలు రెండు రంగులు చెబితే, బ్రౌజరు ముందు వాటి బలం చూస్తుంది. టాగు పేరుకన్నా క్లాస్, క్లాస్‌కన్నా ఐడి బలమైనవి. బలం సమానమైతే కింద రాసినది చెల్లుతుంది. "నేను మార్చినా రంగు మారలేదే!" అని మీకు అనిపించినప్పుడు ఎఫ్12 మీట నొక్కండి. ఓడిపోయిన నియమాన్ని బ్రౌజరు కొట్టివేసి చూపుతుంది.

కృత్యం

మీకు తెలిసిన ఒక దుకాణానికి పేజీ తయారుచేయండి. మొదట సిఎస్‌ఎస్ లేకుండా రాసి, పైనుంచి కిందికి చదవండి. అర్థం తెలుస్తున్నదా? తెలిస్తేనే అలంకరణ మొదలుపెట్టండి. తరవాత బ్రౌజరు కిటికీని మెల్లగా ఇరుకు చేస్తూ, ఎక్కడ చెదురుతుందో గమనించి సరిచేయండి. వారం తరవాత పాత ఫైలు చూడకుండా అదే పేజీని మళ్లీ రాయండి. ఎక్కడ ఆగిపోతారో అదే మీరు మళ్లీ చదవవలసిన భాగం.

పాఠగత ప్రశ్నలు

1. వెడల్పు 200, పాడింగ్ అన్ని వైపులా 15, బార్డర్ 5. పెట్టె మొత్తం వెడల్పు ఎంత? బార్డర్-బాక్స్ ఇస్తే ఎంత?
2. 'ధర' అనే క్లాస్‌కు ఎరుపు ఇచ్చారు. దాని కింద పి టాగుకు నలుపు ఇచ్చారు. ఆ క్లాస్ ఉన్న పేరా ఏ రంగులో ఉంటుంది?

జవాబులు

1. 240 పిక్సెళ్లు, బార్డర్-బాక్స్ ఇస్తే 200.
2. ఎరుపు. పి నియమం కింద ఉన్నా, టాగు పేరుకన్నా క్లాస్ బలమైనది.