కాలుష్య మండలి ప్రణాళికలో కూలీకి చోటేదీ?

పటాన్‌చెరు పక్కనుంచి పారి మంజీరలో కలిసే చిన్న వాగు నక్కవాగు. ఒకప్పుడు దాని కింద వరి పండేది. గొడ్డూ గోదా ఆ నీళ్లే తాగేవి. వాగు వొడ్డున నాలుగు మడికట్లున్న రైతుకు పంట వుండేది, ఆ మడిలో నాటు వేసే ఆడకూలీకి పని వుండేది, చేపలు పట్టేవాడికి పూట గడిచేది.

1970ల మధ్య నుంచి అక్కడ పారిశ్రామిక వాడలు లేచాయి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం - వూరి వెంట వూరు ఫ్యాక్టరీల మధ్యకు వచ్చింది. మందులు, రంగులు, రసాయనాలు తయారయ్యాయి. తయారైన సరుకు లారీలెక్కి పోయింది. మిగిలిన మురుగు వాగులోకీ, కుంటల్లోకీ వచ్చింది. 1980లు గడిచేసరికి వాగు రంగు మారింది, బావి నీళ్ల రుచి మారింది, పొలాలు పడావు పడ్డాయి.

1990లో యీ సంగతి సుప్రీంకోర్టుకెక్కింది. జిల్లా జడ్జీ చేత విచారణ జరిపించారు, నష్టపరిహారం లెక్కకట్టారు. కేసు 2001లో హైకోర్టుకు, తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు తిరిగింది. న్యాయం ఎంత ఆలస్యమైందో అందరికీ తెలిసిన మాటే. కానీ ఎవరూ అడగని మాట మరొకటుంది. ఆ నష్టం లెక్క కట్టింది ఎకరాలతో. ఎకరం వున్నవాడికి కొంతైనా ముట్టింది. ఎకరం లేని కూలీకి? మడి పడావు పడితే నాటు లేదు, కలుపు లేదు, కోత లేదు. ఏడాదికి ఎన్ని పనిదినాలు పోయాయి, ఎన్ని కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని పట్నం దారి పట్టాయి, ఏ రిజిస్టరూ రాసుకోలేదు. వాగు చచ్చిపోతే ముందు చచ్చేది కూలి. లెక్కలో కనిపించనిదీ కూలే.

ఇప్పుడీ మాట ఎందుకు?

'పర్యావరణ వ్యూహం', 'దీర్ఘకాలిక ప్రణాళిక' అనే మాటలు యీ మధ్య సర్కారీ కాగితాల్లో బాగా వినబడుతున్నాయి. చల్లటి గదుల్లో సలహాదారులు కూర్చుని రాసే కాగితాలు కదా, మనకేం సంబంధం అనుకుంటాం. అక్కడే పొరబడుతున్నాం. బడ్జెట్ లాగానే ప్రణాళిక కూడా వర్గాల మధ్య పోరాటమే. ఏ వాగును ముందు బాగుచెయ్యాలి, ఏ ఫ్యాక్టరీకి తాళం పడాలి, ఎంతమంది తనిఖీదార్లుండాలి, ఎవరి నష్టం నష్టం కింద లెక్క - యివన్నీ అందులోనే తేలిపోతాయి.

అసలు ప్రణాళిక వెయ్యడం మండలి దయాధర్మం కాదు. అది చట్టం పెట్టిన విధి. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 17వ సెక్షను రాష్ట్ర మండలి చెయ్యవలసిన పనుల జాబితా యిచ్చింది. అందులో మొట్టమొదటి పని యేమిటో తెలుసా? రాష్ట్రంలోని వాగులు, బావుల కాలుష్యాన్ని నివారించడానికి సమగ్ర కార్యక్రమం వెయ్యాలి, దాన్ని అమలు చేయించాలి. లైసెన్సులివ్వడం తర్వాతి సంగతి. మన ఆంధ్రప్రదేశ్‌లో మండలి 1976లో ఏర్పడింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వేరే మండలి వచ్చింది. యిన్నేళ్లలో అనుమతి కాగితాల కట్టలు పెరిగాయి గాని, వాగులవారీ, బావులవారీ సమగ్ర కార్యక్రమం మన పంచాయతీ ఆఫీసు గోడ మీద యెవరైనా చూశారా?

మండలిలో ఎవరున్నారు?

అదే చట్టం 4వ సెక్షను చూడండి. మండలిలో అధ్యక్షుడు, అయిదుగురు మించకుండా ప్రభుత్వాధికార్లు, అయిదుగురు మించకుండా స్థానిక సంస్థల సభ్యులు, ప్రభుత్వ కంపెనీల తరఫున యిద్దరు, ఒక సభ్య కార్యదర్శి వుంటారు. యిక వ్యవసాయం, చేపల వృత్తి, పరిశ్రమ, వాణిజ్యం - అన్నింటికీ కలిపి మూడు కుర్చీలు మించవు. మురుగు వదిలే యజమానినీ, ఆ మురుగులో దిగి నాటు వేసేవాణ్నీ ఒకే బెంచీ మీద కూచోబెట్టి మీలో మీరు సర్దుకోండన్నట్టుంది! వ్యవసాయ కార్మికుడన్న మాట ఆ సెక్షనులో లేనేలేదు. లేని మనిషి కోసం ప్రణాళిక ఎవరు వేస్తారు?

మురుగును మోసుకుపోయిన ప్రణాళిక

పటాన్‌చెరులో ప్రణాళికే లేదని అనలేం. వున్నది. 1994లో ఉమ్మడి శుద్ధి కర్మాగారం మొదలైంది. ఫ్యాక్టరీలన్నీ మురుగును ట్యాంకర్లలో అక్కడికి పంపాలి, శుభ్రం చేసి వదలాలి. వినడానికి బాగుంది. అయితే మందుల ఫ్యాక్టరీల మురుగులో వుండే లవణాలూ, మందు అవశేషాలూ మామూలు శుద్ధికి లొంగవు. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు తమ పరిశోధన ఫలితాలు ప్రచురించారు. దాదాపు 90 మందుల కంపెనీల మురుగు చేరే ఆ కర్మాగారం నుంచి శుద్ధి చేశామని బయటికి వదిలిన నీళ్లలో, ఒక్కో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే సూక్ష్మజీవి నాశక మందు కనబడింది. రోజుకు సుమారు 45 కిలోల మందు నీళ్లపాలవుతోందని లెక్కగట్టారు. స్వీడన్ దేశం దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందు ఒక్కరోజు మురుగులో పోతోందన్న మాట!

దీనివల్ల ఏమవుతుంది? ఆ నీళ్లలో బతికి బట్టకట్టిన క్రిములు మందుకు లొంగని క్రిములవుతాయి. రేపు కూలీ బిడ్డకు జబ్బు చేస్తే ఆస్పత్రిలో యిచ్చే మందు పని చెయ్యకపోవచ్చు. ఖరీదైన మందు కొనే స్తోమత ఎవరికుంది?

తర్వాత వేసిన ప్రణాళిక యింకా విచిత్రం. పటాన్‌చెరు నుంచి సుమారు 18 కిలోమీటర్ల గొట్టం వేసి ఆ మురుగును హైదరాబాదు అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి తోలారు. అక్కడినుంచి అది మూసీలో కలుస్తుంది. మూసీ కింద వరి వేసే రైతులున్నారు, గడ్డి కోసే ఆడవాళ్లున్నారు. మంజీర గండం మూసీకి మార్చారు. వూరి చెత్త పక్క వూరి పొలిమేరలో పోస్తే అది పారిశుధ్యమా?

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా తెచ్చింది. మందుల ఫ్యాక్టరీల మురుగులో సూక్ష్మజీవి నాశకాలు యింతకు మించి వుండగూడదని హద్దులు పెట్టింది. 2021 ఆగస్టులో తుది ఉత్తర్వు వచ్చేసరికి ఆ హద్దులు మాయమయ్యాయి. ముసాయిదాకూ ఉత్తర్వుకూ మధ్య ఎవరి మాట చెల్లిందో వేరే చెప్పాలా?

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 43 ప్రాంతాలు 70 దాటి 'తీవ్ర కాలుష్య ప్రాంతాలు'గా తేలాయి. మన విశాఖపట్నం, పటాన్‌చెరు-బొల్లారం రెండూ అందులో వున్నాయి. 2010 జనవరిలో కొత్త అనుమతులాపారు. కార్యాచరణ ప్రణాళికలు తయారు చెయ్యమన్నారు. తయారయ్యాయి. వాటిని చూపించి విడతలవారీగా ఆ నిషేధం ఎత్తేశారు. యిదీ మన ప్రణాళికల ప్రయోజనం - వాగు శుభ్రపడక ముందే దారి శుభ్రపడింది.

విశాఖలో ఏమైందో అందరూ చూశారు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి ఆర్‌ఆర్ వెంకటాపురం జనాన్ని నిద్రలోనే కమ్మేసింది. 12 మంది ప్రాణాలు పోయాయి. చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేకుండానే తాము ఉత్పత్తి చేస్తున్నట్టు ఆ కంపెనీయే అంతకు యేడాది ముందు, 2019 మేలో, ప్రమాణ పత్రంలో రాసి యిచ్చింది. కాగితం సర్కారు దగ్గరే వుంది. ప్రణాళిక లేని పాలనకు యింతకన్నా సాక్ష్యమేముంటుంది?

అమెరికా ముచ్చట

అమెరికాలో 1993 చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా కొన్నేళ్లకొకసారి వ్యూహ ప్రణాళిక వేసి బయట పెట్టాలి. ఏటేటా ఎంత సాధించిందో చెప్పాలి. యిది మంచి పద్ధతే, మనమూ నేర్వదగ్గదే. అక్కడి పర్యావరణ రక్షణ సంస్థ 2022-26 ప్రణాళికలో పర్యావరణ న్యాయాన్ని, అంటే పేదలూ నల్లజాతి వాళ్లూ వుండే చోట్ల కాలుష్యం తగ్గించడాన్ని, ఒక ప్రధాన లక్ష్యంగా పెట్టింది. 2025లో ప్రభుత్వం మారగానే అదే సంస్థ ఆ పని చూసే విభాగాలను మూసెయ్యడానికి పూనుకున్నది. కాగితం మీద ఎంత మంచి మాట రాసినా, వెనక ప్రజల బలం లేకపోతే పై వాడి సంతకంతో కొట్టుకుపోతుంది. యీ పాఠం మనం మరవగూడదు.

కోరలు పీకిన చట్టం

మన దగ్గర మనుషులే లేరు. 2024లో హరిత ట్రిబ్యునల్ ముందుకొచ్చిన లెక్కల ప్రకారం దేశంలోని కాలుష్య మండళ్లలో దాదాపు సగం పోస్టులు ఖాళీ. రాత్రివేళ, వర్షం వెలిసే వేళ మురుగు వదిలితే వచ్చి చూసేదెవరు? శాంపిలు తీసేదెవరు?

పైగా వున్న చట్టానికే కోరలు పీకేశారు. వాగులోకి విషం వదిలితే ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా జైలని పాత చట్టం చెప్పింది. 2024 సవరణ ఆ జైలు తీసేసి పదివేల నుంచి పదిహేను లక్షల దాకా జరిమానాతో సరిపెట్టింది. యీ సవరణ శాసనసభ తీర్మానం చేసి ఒప్పుకున్న రాష్ట్రాలకే వర్తిస్తుంది. అందుచేత అది మన శాసనసభ్యుల్ని నిలదీయవలసిన విషయం కూడా. గాలి కాలుష్యం చట్టాన్ని 2023లోనే యిలా సవరించారు. కోట్ల వ్యాపారానికి పదిహేను లక్షలొక ఖర్చా? ట్యాంకరు కిరాయి కింద రాసుకుంటారు.

మనం ఏమడగాలి?

ప్రణాళిక వెయ్యండి అంటే చాలదు. ఇట్లా వెయ్యండి అని అడగాలి.

ఒకటి: ప్రణాళిక జిల్లా ఆఫీసుల లెక్కన కాదు, వాగుల లెక్కన, చెరువుల లెక్కన వుండాలి. ఏ వాగు ఏ యేటికి తాగేందుకు, పారకానికి పనికొస్తుందో గడువు రాయాలి.

రెండు: నష్టం లెక్కలో ఎకరంతో పాటు పనిదినం చేరాలి. కూలీకి, చేపలు పట్టేవాడికి, పశువులు మేపేవాడికి పోయిన పనిరోజులకు పరిహారం యివ్వాలి.

మూడు: మండలిలో వ్యవసాయ కార్మిక సంఘాల ప్రతినిధికి స్థానం కల్పించేట్టు చట్టం సవరించాలి. అందాకా వ్యవసాయం పేరిట వున్న కుర్చీలో యజమానిని కాక సాగుచేసేవాణ్ని కూచోబెట్టాలి.

నాలుగు: ఖాళీలు నింపాలి. రాత్రి తనిఖీ బృందాలుండాలి. శాంపిలు తీసేప్పుడు వూరి మనుషులు సాక్షులుగా వుండాలి. ఫలితం తెలుగులో పంచాయతీ బోర్డు మీద అంటించాలి.

అయిదు: ఫ్యాక్టరీ మూతపడితే అందులోని కార్మికుడి జీతం యజమానే భరించాలి. యిది ముఖ్యం. మనం వాగు గురించి నోరెత్తగానే 'మీ తమ్ముడి వుద్యోగం పోతుంది' అని యాజమాన్యం భయపెడుతుంది. ఫ్యాక్టరీలో ఆవిరి పీల్చేదీ మనవాడే, బయట మురుగు తొక్కేదీ మనవాడే. యిద్దర్నీ విడదీసే ఎత్తుకు లొంగగూడదు.

ఇప్పుడే చెయ్యగలిగినవి

చట్టం మారేదాకా చేతులు కట్టుకు కూచోనక్కర్లేదు. ఫ్యాక్టరీకి ఏ షరతుల మీద అనుమతి యిచ్చారో రాసే రిజిస్టరును, దానివల్ల నష్టపోయే మనిషి ఎవరైనా చూడవచ్చునని 25వ సెక్షను చెబుతోంది. పదిమంది కలిసి ఆఫీసుకు వెళ్లి చూపించమనండి. 33-ఏ సెక్షను కింద ఫ్యాక్టరీ మూయించే అధికారం, కరెంటూ నీళ్లూ ఆపే అధికారం మండలికి వుంది. ఆ అధికారం ఎందుకు వాడలేదని అర్జీలో రాయండి. 60 రోజుల నోటీసు యిచ్చి మామూలు మనిషి కూడా కోర్టులో ఫిర్యాదు చెయ్యడానికి 49వ సెక్షను దారి యిచ్చింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పు చెప్పింది: కాలుష్యం చేసినవాడి నుంచి నష్టం రాబట్టే అధికారం మండళ్లకు వుందన్నది. 'మా చేతుల్లో ఏం లేదు' అనే సాకు యిక చెల్లదు.

వాగు రంగు మారిన రోజు, చేపలు తేలిన రోజు, గొడ్డు పడిన రోజు తేదీ వేసి నోట్‌బుక్కులో రాసుకోండి. కూలి దొరకని రోజులు కూడా రాయండి. సంఘం దగ్గరుండే ఆ నోట్‌బుక్కే రేపు మన సాక్ష్యం. సర్కారు ప్రణాళికకు ఎదురుగా పెట్టవలసిన మన ప్రణాళికకు అదే మొదటి పేజీ.

ఫ్యాక్టరీలూ, మందులూ మనకు వద్దని కాదు. పదిమంది జబ్బు నయం చేసే మందు తయారు చేస్తూ వాగును చంపగూడదంటున్నాం. వాగు ఎవరి సొత్తూ కాదు గనకనే ఎవడిష్టం వచ్చినట్టు వాడు వాడుకున్నాడు. అది అందరి సొత్తని మనం నిలబడి చెప్పిన రోజున మండలి ప్రణాళికలో కూలీ పేరు కూడా చేరుతుంది.