పనిలో కుదిర్చాక, ఆ మొదటి మూడు నెలలు



మన ఇళ్లల్లో తరచుగా వినబడే మాట ఒకటుంది. పనిమనిషి నాలుగు రోజులు రాలేనన్నదంటే, "పోనీ, మీ అమ్మాయిని పంపించు" అంటాం. అందులో తప్పేముందని మనకు తోచదు. నేనూ ఎన్నోసార్లు అన్నాను. ఒకసారి మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ చేతిలో గిన్నె పక్కనబెట్టి, "నేను తోమింది చాల్లేమా. దానికి ఇంకేదన్నా పని చూపియ్యి" అన్నది. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు కాస్త గుచ్చుకుంది.

ఆ పిల్ల పదో తరగతి ప్యాసయింది. నేను చదివిందీ అంతే. పద్దెనిమిదేళ్లు నిండాయి. వాళ్లు యానాదులు. తల్లి నెల్లూరులో మా వీధి చివర గుడిసె వేసుకొని ఉంటుంది. తండ్రి మైపాడు వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా. మన సముద్రపుటొడ్డున గుంటల గట్లమీద గుడిసెలు వేసుకొని రాత్రింబగళ్లు కాపలా కాసే కుటుంబాలు చాలా ఉన్నాయి. తెల్లదొరల కాలంలో పుట్టుకతోనే దొంగలని ముద్రవేసిన నేరస్థ జాతుల చట్టం యానాదులమీద కూడా పడింది. అది దేశమంతటా రద్దయింది 1952లో. మన జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్యగారు వీళ్ల కోసమే జీవితం ధారపోశారు. చట్టం పోయినా, ఆ పిల్లలకు పని ఇవ్వాలంటే ఈనాటికీ కొందరు వెనకాముందు లాడుతూనే ఉన్నారు.

సరే, మావారి స్నేహితుల ద్వారా చెన్నై వైపు ఒక ఫ్యాక్టరీలో ఆ పిల్లకు పని కుదిరింది. రెండు జతల బట్టలు కుట్టించి, బస్సెక్కించి, వీధిలో నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. పదకొండో రోజు పొద్దున్నే ఆ పిల్ల సంచీతో మా గుమ్మంలో నిలబడింది! "ఎంత చేసినా వీళ్లింతేనండీ" అన్నది పక్కింటావిడ. నేనూ పైకి అనలేదు గానీ, మనసులో అదే అనుకున్నాను.

కోపం చల్లారాక కూర్చోబెట్టి అడిగాను. ఒక్కొక్కటే బయటపడింది. హాస్టలు గదికి అడ్వాన్సు కట్టమన్నారు. జీతం మరుసటి నెల గాని రాదు. చేతిలో ఉన్నది మూడువందలు. అందుకని రాత్రిపూట తిండి మానేసింది. ఆధారులో పేరొకరకంగా, స్కూలు సర్టిఫికెట్టులో ఇంకొకరకంగా ఉండడంతో బ్యాంకు ఖాతా తెరవడం ఆగిపోయింది. ఖాతా లేనిదే జీతం ఎలా వస్తుందో చెప్పేవాళ్లు లేరు. మొదటి వారమే రాత్రి డ్యూటీ. "ఆడ ఎవర్నడగాలో తెలీలేదుమా" అన్నది. పైగా ఇంటిదగ్గర తండ్రి గుంట యజమాని వద్ద అడ్వాన్సు తీసుకొని ఉన్నాడు. పిల్ల పట్నం పోయిందని తెలిసి, "బాకీ తీరకుండా ఎట్లా పంపావు?" అని అడిగారట.

ఇందులో ఆ పిల్ల సోమరితనం ఎక్కడుందో చెప్పండి! మన పిల్లలు మొదటిసారి ఉద్యోగానికి వెళితే, రెండు నెలలు మనం డబ్బు పంపమా? రోజూ ఫోను చెయ్యమా? తండ్రి వెంటవెళ్లి గది చూసి రాడా? ఆ వెనుకదన్ను లేని పిల్లలకు దాన్ని ఇంకొకరు ఏర్పాటు చెయ్యాలి. పని కుదర్చడం వేరు, పనిలో కుదురుకునేట్టు చూడడం వేరు.

ఈ సంగతి తెలిసినవాళ్లు పథకాలలోనే దీనికి చోటుపెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెటూరి యువతకు శిక్షణ ఇచ్చి పనిలో పెట్టడానికి 2005లోనే ఒక మిషన్ మొదలుపెట్టారు. ఆ తరువాత 2014 సెప్టెంబరులో దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన వచ్చింది. మన రాష్ట్రంలో దాన్ని సీడాప్ అనే సంస్థకు అప్పగించారు. పదిహేను నుంచి ముప్ఫయ్యయిదేళ్ల లోపు పేద పల్లె యువతకు ఉచితంగా శిక్షణ. ఆడవాళ్లకు, వెనుకబడిన గిరిజనులకు నలభయ్యయిదు దాకా సడలింపు. చేరేవారిలో మూడోవంతు ఆడపిల్లలుండాలి.

ఇందులో నాకు నచ్చిన సంగతి శిక్షణ తరువాతది. పిల్ల సొంత జిల్లాలో పనికి చేరితే రెండు నెలలు, రాష్ట్రంలో వేరేచోట అయితే మూడు నెలలు, పొరుగు రాష్ట్రమైతే ఆరు నెలలు, నెలకు వెయ్యి రూపాయల చొప్పున సాయం ఇవ్వాలని నియమం పెట్టారు. ఎంత దూరం పంపితే అన్నాళ్లు తోడన్నమాట. ఉద్యోగం కాగితం చేతికిచ్చినంత మాత్రాన శిక్షణ సంస్థ పని అయిపోదు. మూడు నెలలు పనిలో నిలిస్తేనే ఆ పిల్ల లెక్కలోకి వస్తుంది. నూటికి డెబ్భైమందినైనా అలా నిలబెట్టాలి.

అమెరికాలో 1986 నాటి చట్ట సవరణలో వికలాంగులకు ఇటువంటి ఏర్పాటే చేశారు. ముందు పనిలో చేర్చి, జాబ్ కోచ్ అనే మనిషి పక్కనే ఉండి పని నేర్పుతాడు. వాళ్లు నిలదొక్కుకునే కొద్దీ తను వెనక్కి తగ్గుతాడు. పిల్లాడికి సైకిలు నేర్పేటప్పుడు సీటు పట్టుకొని పరుగెత్తి, మెల్లగా వదిలేస్తాం చూడండి, అదే పద్ధతి.

ఇక మన ఇంట్లోనుంచి మనం చెయ్యగలిగింది చెబుతాను.

ఒకటి: పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. 2016 సవరణ ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్లను ప్రమాదకరమైన పనులలో పెట్టకూడదు. ఆ వయసు పిల్లలకు ముందు చదువు చూడండి.

రెండు: పని వెతకడానికి ముందు కాగితాలు వెతకండి. ఆధారు, కుల ధృవీకరణ, మార్కుల జాబితా, బ్యాంకు పుస్తకం, అన్నింటిలోనూ పేరు, పుట్టిన తేదీ ఒకటిగా ఉన్నాయో లేదో చూడండి. ఆఫీసుకు ఒక మనిషి తోడు వెళితే పని తొందరగా అవుతుంది.

మూడు: మొదటి జీతం వచ్చేదాకా తిండికి, గదికి, బస్సుకు ఎంతవుతుందో ఆ పిల్లతో కూర్చొని లెక్కరాయండి. అప్పుగానే ఇవ్వండి. దానంగా ఇచ్చి చిన్నబుచ్చకండి.

నాలుగు: ఒక్కదాన్నే పంపకండి. ఇద్దరు కలిసి వెళితే ఏడుపు సగం తగ్గుతుంది.

అయిదు: అడ్వాన్సు సంగతి అడగండి. అప్పు పేరుతో మనిషిని కదలనివ్వకుండా కట్టిపడేస్తే అది 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కింద నేరం. అటువంటి బాకీ తీర్చనక్కరలేదని ఆ చట్టమే చెబుతోంది. కలెక్టరుకు గాని, ఆర్డీవోకు గాని అర్జీ పెట్టుకోవచ్చు.

ఆరు: మీవారికి కార్ఖానా గాని, వర్కుషాపు గాని ఉంటే, 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఒక పిల్లవాణ్ణి తీసుకోమనండి. పని నేర్చుకుంటున్నన్నాళ్లూ స్టైపెండు వస్తుంది. మీ ఇంటి పక్కన పిల్లవాడైతే కళ్లముందే నిలదొక్కుకుంటాడు.

మా పిల్ల సంగతి చెప్పి ముగిస్తాను. పేరు సరిచేయించడానికే రెండు నెలలు తిరిగాం. ఈసారి మూడువేలు అప్పిచ్చి, ఇంకో పిల్లను తోడిచ్చి పంపాను. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోను. ఆరోవారంలో "వచ్చేస్తానుమా" అని ఒకటే ఏడుపు. సూపర్‌వైజరు నలుగురిలో మాట అన్నాడట. వచ్చెయ్యమనీ అనలేదు, ఉండమనీ అనలేదు. ఏం జరిగిందో మొత్తం విన్నాను. "ఈ శనివారం దాకా చూసి చెప్పు" అన్నాను. శనివారం నాడు ఫోనే రాలేదు. ఆదివారం నేనే చేస్తే, "బట్టలుతుక్కుంటున్నామా, తర్వాత మాట్లాడతా" అన్నది. ఆ మాటకు నాకు ఎంత సంతోషమైందో!

తోడు వెళ్లిన పిల్ల రెండో నెలలో తిరిగొచ్చేసి, ఇక్కడే బట్టల షాపులో చేరింది. అదీ మంచిదే. తండ్రి అడ్వాన్సు గొడవ మాత్రం ఇంకా తేలలేదు. అర్జీ పెడదామంటే, ఉన్న నీడ పోతుందని ఆయనకు భయం. ఆ భయం తీర్చడం నా ఒక్కదానివల్ల కాదు. పదిమందిమి కలిసి వెంట నిలబడితే తప్ప.

తల్లి మా ఇంట్లోనే చేస్తోంది. ఆవిడ రాలేనన్న రోజున ఇప్పుడు నేనెవర్నీ పంపమనడం లేదు. అంట్లు నేనే తోముకుంటున్నాను.

సెలవు.