మడచెట్టుకు ఖరీదు కట్టేదెలా?

నేను పని చేసే ముసఫ్ఫా అంటే గోదాములు, వర్క్‌షాపులు, లారీలు. కానీ అబుదాబి తీరం పొడవునా మడచెట్లున్నాయి. కాకినాడ దగ్గరి కోరింగ అడవి చూసినవాళ్ళకు ఇవి పొట్టిగా కనిపిస్తాయి. వానల్లేని చోట, అంత ఉప్పునీటిలో బతకడమే గొప్ప!

మడచెట్లు పీల్చుకున్న కార్బన్ కొంత వేళ్ళ కింది బురదలో చేరుతుంది. ఆక్సిజన్ అందదు కాబట్టి అక్కడ తొందరగా కుళ్ళదు. దీన్నే 'బ్లూ కార్బన్' అంటారు. 2012-13లో అబుదాబిలో దీన్ని కొలిస్తే రెండు సంగతులు తేలాయి. వానలు పడే ఉష్ణమండలపు మడ అడవులకంటే ఇక్కడి నిల్వ తక్కువ. కొత్తగా నాటిన మొక్కల దగ్గర, పాత చెట్లకంటే ఇంకా తక్కువ.

కార్బన్ క్రెడిట్ల ధర ఒక్కటే చూస్తే ఈ అడవి గిట్టుబాటు కాదనిపిస్తుంది. కానీ చేపపిల్లలకు ఆశ్రయం, అలలకు అడ్డు - వీటికి ఎవరూ బిల్లు వేయరు. లెక్కలో లేనంత మాత్రాన విలువ లేనట్లా?

2030కల్లా పది కోట్ల మడమొక్కలు నాటుతామని యూఏఈ 2021లో ప్రకటించింది. డ్రోన్లతో విత్తనాలూ చల్లుతున్నారు. మంచిదే. అయితే మన భాషలో చెప్పాలంటే, పాత అడవి ఏళ్ళ తరబడి నిండిన డేటాబేస్. కొత్త సర్వర్ కొన్నంతలో ఆ డేటా రాదు కదా! ఎన్ని నాటారన్నదానితో పాటు, పాతవి ఎన్ని మిగిలాయన్నదీ అడగాలి.