యంత్రం చదివే కరదీపిక

ఒక పరికరాన్ని ఎలా వాడాలో తెలిపే చిన్న పుస్తకాన్ని కరదీపిక అంటారు. చేతిలోని దీపమని ఆ మాటకు అర్థం. నీటి మోటారు మొదలుకొని కంప్యూటర్ వరకు ఎన్నో వస్తువులతో ఇటువంటి పుస్తకం వస్తుంది. కాని, కొన్నవారిలో దానిని ఆసాంతం చదివేవారు అరుదు. సందేహం వస్తే తెలిసినవారిని అడుగుతారు. లేదా నాలుగు మీటలు నొక్కి చూసి నేర్చుకొంటారు. కరదీపికలో లోపమున్నా లోకవ్యవహారం ఆగకపోవడానికి కారణమిదే. కృత్రిమ మేధకు ఆ వెసులుబాటు తక్కువ. ఒక సాధనాన్ని దాని చేతికిచ్చినప్పుడు, ఆ సాధనాన్ని గురించి రాసిన నాలుగు మాటలే దానికి ముఖ్యాధారం. బ్రౌజర్‌లోని దోషాన్వేషణ సాధనం ఇందుకు చక్కని ఉదాహరణ.

అంతర్జాలంలోని పుటలను తెరపై చూపే ఉపకరణం బ్రౌజర్. చదువరికి కనిపించేవి అక్షరాలు, బొమ్మలు, బటన్లు. వాటిని ఆడించే ఆదేశాలు, తోలుబొమ్మలాటలో సూత్రధారివలె, తెర వెనుకనే ఉంటాయి. ఆట తప్పినప్పుడు తెర తొలగించి చూడవలసిందే. అందుకు ఉపకరించిన సాధనాలలో ఫైర్‌బగ్ పేరుగాంచినది. 2006లో జో హెవిట్ దానిని ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోసం రూపొందించాడు. 2008లో వెలువడిన గూగుల్ క్రోమ్‌లో ఇటువంటి సాధనసముదాయం అంతర్భాగమైంది. దాని పేరు డెవ్‌టూల్స్. పుట నిర్మాణం, దోషసందేశాలు, సర్వర్‌కు వెళ్లిన అభ్యర్థనలు, పుట తెరుచుకోవడానికి పట్టిన కాలం అందులో కనిపిస్తాయి. అయితే రంగులతో, గీతలతో కూడిన ఆ అమరిక మనిషి కంటికి తగినది.

కృత్రిమ మేధ ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టిన తొలిరోజులలో, తాను రాసినది బ్రౌజర్‌లో ఎలా నడుస్తున్నదో దానికి తెలిసేది కాదు. వండిన కూరను రుచి చూడలేని వంటవాని స్థితి అది. బయటి సాధనాలను కృత్రిమ మేధకు అనుసంధానించేందుకు 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతిని ప్రకటించింది. ఆ పద్ధతిలో డెవ్‌టూల్స్‌ను అందించే సర్వర్‌ను 2025 సెప్టెంబరులో క్రోమ్ బృందం విడుదల చేసింది. మనిషి అప్పగించిన పనిని ఇటువంటి సాధనాలతో అంచెలంచెలుగా నెరవేర్చే కృత్రిమ మేధను ఏజెంటు అంటారు.

ఈ పద్ధతిలో ప్రతి సాధనానికి ఒక పేరు, కొద్దిపాటి వివరణ, అది కోరే వివరాల పట్టిక ఉంటాయి. వాటిని చదివి ఏది ఎప్పుడు వాడాలో ఏజెంటు నిర్ణయించుకొంటుంది. ఒక కళాశాల దరఖాస్తు పుటలో ‘సమర్పించు’ అనే బటన్ పనిచేయడం లేదనుకొందాం. పుటను చూడడానికి రెండు మార్గాలున్నాయి: తెరను ఫొటోవలె పట్టుకోవడం ఒకటి, అందులోని అంశాలను అక్షరరూపంలో పొందడం మరొకటి. రెండవదానికి ఆధారం, అంధులకు పుటను చదివి వినిపించే ఉపకరణాలు ఉపయోగించుకొనే నిర్మాణమే. ఒక వర్గం మేలుకోసం చేసిన ఏర్పాటు యంత్రానికీ దారి చూపడం విశేషం. ఈ ప్రతిలో ప్రతి అంశానికి ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. బటన్ నొక్కాలంటే ఆ సంఖ్యనే చెప్పాలి. ఈలోగా పుట మారితే పాత సంఖ్య చెల్లకపోవచ్చు. పుట మారిన సంగతి మనిషి కన్ను ఇట్టే పసిగడుతుంది. ఏజెంటు మాత్రం మళ్లీ చూస్తేనే తెలుసుకొంటుంది. అందుకే ఫొటో కంటే అక్షరప్రతి మేలనీ, ఎప్పుడూ తాజా ప్రతినే వాడాలనీ వివరణలోనే రాశారు. ఆ ఒక్క వాక్యం లేకపోతే, ఏజెంటు చెల్లని సంఖ్యను పట్టుకొని పదేపదే విఫలం కావచ్చు.

అలాగని వివరణను గ్రంథంగా పెంచడానికీ వీలులేదు. కృత్రిమ మేధ ఒకసారికి దృష్టిలో ఉంచుకోగల పాఠానికి పరిమితి ఉంది. సాధనాల వివరణలు పెరిగినకొద్దీ అసలు పనికి చోటు తగ్గుతుంది. పుట వేగాన్ని కొలిచే నమోదు చాలా పెద్దది కనుక, దానిని యథాతథంగా కాక సారాంశంగా అందిస్తారు. మెదకు సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ నియమం పెట్టుకొన్నాడు. యంత్రానికి వివరణ రాసేవారికి ఇంతకంటే తగిన నియమం దొరకదు.

ఇందులో అపాయమూ లేకపోలేదు. బ్యాంకు ఖాతా తెరిచి ఉన్న బ్రౌజర్‌ను ఏజెంటుకు అప్పగిస్తే, అందులోని సమాచారమంతా దానికి కనిపిస్తుంది, మార్చడానికీ అవకాశముంటుంది. పైగా, మోసగాడు ఒక పుటలో దాచిన వాక్యాన్ని యజమాని ఆజ్ఞగా అది పొరబడవచ్చు. వివరణలో ఎన్ని హెచ్చరికలు రాసినా ఈ ప్రమాదం పూర్తిగా తొలగదు. డబ్బు చెల్లింపు వంటి పనులకు ముందు మనిషి అనుమతి తప్పనిసరి చేయాలి. రహస్య సమాచారాన్ని ఏజెంటుకు అందకుండా చూడాలని క్రోమ్ బృందం తన కరదీపికలోనే హెచ్చరించింది. తాత్కాలికంగా వేరొక ప్రొఫైల్‌తో బ్రౌజర్‌ను నడిపే వీలు కూడా కల్పించింది. బ్రౌజర్‌ను మూసిన తరువాత ఆ ప్రొఫైల్ దానంతట అదే తొలగిపోతుంది.