మోకాలు కాదు, పాదం చూడండి

జిమ్‌లో చేరి వారం తిరక్కుండానే ప్రతి ఒక్కరి చెవిలో పడే మాట ఒకటుంది: ‘మోకాళ్లు కాలివేళ్లను దాటకూడదు’. భుజాల మీద బార్ పెట్టుకుని మొదటిసారి స్క్వాట్‌కు దిగేవాళ్లు ఆ ఒక్క మాటే గుర్తుపెట్టుకుని, అద్దంలో మోకాళ్లనే చూసుకుంటూ కిందికి దిగుతారు. మోకాళ్లను బలవంతంగా ఆపితే పిరుదులు మరీ వెనక్కి పోతాయి. వెనక్కి పడిపోకుండా ఉండాలంటే ఛాతీ ముందుకు వాలక తప్పదు. లేచేటప్పుడు పిరుదులు ముందు లేస్తాయి, బార్ కిందే ఉండిపోతుంది, తొడలు చేయాల్సిన పని నడుము మీద పడుతుంది. నాలుగు రోజులకు నడుము పట్టేస్తే నింద స్క్వాట్ మోస్తుంది. కొత్తవాళ్ల స్క్వాట్ బాగుపడాలంటే ముందు ఈ చూపు మారాలి. దిగేటప్పుడూ లేచేటప్పుడూ బార్ పాదం నడిమికి సరిగ్గా పైన ఉందా లేదా అన్నదే అసలు పరీక్ష. మోకాలు ఎంత ముందుకు వచ్చింది, వెన్ను ఎంత వాలింది అన్నవి ఆ మనిషి ఎముకలను బట్టి తేలే విషయాలు.

ఇందులో ఉన్నది హైస్కూలు భౌతికశాస్త్రమే. మనిషి, బార్ కలిసిన మొత్తం బరువుకు గరిమనాభి పాదాల పరిధిలో ఉండాలి, లేకపోతే పడిపోతాం. మగవాళ్ల ఒలింపిక్ బార్ 20 కిలోలు, ఆడవాళ్లది 15 కిలోలు. ఖాళీ బార్‌తో చేసేటప్పుడు ఒంటి బరువుదే పైచేయి కాబట్టి చిన్నాచితకా తేడాలు తెలియవు. ప్లేట్లు ఎక్కేకొద్దీ గరిమనాభి బార్ వైపు జరుగుతుంది, అప్పుడు రెండంగుళాల తేడా కూడా బయటపడుతుంది. ఇక ఎముకల సంగతి. తొడ ఎముక పొడవుగా, మొండెం పొట్టిగా ఉన్నవాళ్లు బార్‌ను పాదం మీద నిలపాలంటే ఎక్కువ వాలాల్సిందే. పొట్టి తొడలవాళ్లు దాదాపు నిటారుగానే దిగగలరు. చీలమండ బిగుసుకుపోయినవాళ్లకు కాస్త దిగగానే మడమలు లేస్తాయి. ఈ ముగ్గురినీ గోడ మీది పోస్టర్‌లో ఉన్న ఒకే భంగిమలోకి వంచాలని చూడటం అన్యాయం.

మోకాళ్ల నియమాన్ని కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. 2003లో ఆండ్రూ ఫ్రై బృందం ఏడుగురు అనుభవజ్ఞులతో వాళ్ల ఒంటి బరువుకు సమానమైన బార్ ఎత్తించింది. ఒకసారి స్వేచ్ఛగా, మరోసారి మోకాళ్లు ముందుకు రాకుండా చెక్క అడ్డుపెట్టి చేయించారు. అడ్డు పెట్టినప్పుడు మోకాలి దగ్గర తిప్పుడు బలం 150 న్యూటన్ మీటర్ల నుంచి 117కు తగ్గింది. తుంటి దగ్గర మాత్రం 28 నుంచి 303కు ఎగబాకింది. మోకాలికి మిగిలింది కొంచెం, తుంటికీ నడుముకూ పడింది కొండంత. ఏడుగురి మీద చేసిన ప్రయోగం చిన్నదే, కాదనలేం. కానీ అది చెప్పింది పైన చెప్పుకున్న లెక్కతో సరిపోతోంది: ఒక కీలును ఆపితే బరువు మాయం కాదు, ఇంకో కీలు మీదికి పోతుంది. పూర్తిగా కిందికి దిగితే మోకాలి లిగమెంట్లు వదులవుతాయన్న భయం ఇంకా పాతది. 1961లో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ క్లైన్ ఆ మాట రాశాడు. తర్వాతి కొలతలు దాన్ని బలపరచలేదు. 2013లో జర్మన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, సరిగ్గా నేర్చుకున్నవాళ్లకు లోతైన స్క్వాట్ మోకాలికి ముప్పు కాదని తేల్చారు. సగం దిగి ఆగేవాళ్లు ఎక్కువ బరువు వేసుకుంటారు కాబట్టి వెన్నుకూ మోకాలికీ ఆ పద్ధతే బరువైనదని కూడా హెచ్చరించారు.

పరిశోధనలు అటుంచి, మన వెయిట్‌లిఫ్టర్లనే చూడండి. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో మన ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. అందులో 130 కిలోలు క్లీన్ అండ్ జెర్క్. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి వచ్చిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. బార్‌ను అందుకుని లోతుగా కూర్చున్న ఏ లిఫ్టర్‌ను పక్కనుంచి చూసినా మోకాళ్లు వేళ్లను దాటే ఉంటాయి, మడమలు మాత్రం నేలను వదలవు. ‘వాళ్లు చిన్నప్పటి నుంచి సాధన చేసినవాళ్లు, ముప్పై ఏళ్లకు జిమ్‌లో చేరిన ఉద్యోగికి ఆ పోలికేంటి’ అనొచ్చు. ఆ మాటలో నిజముంది. వాళ్ల బరువులు మనకు ఆదర్శం కావు, కానీ వాళ్లు నేర్చుకున్న వరుస మనకూ పనికొస్తుంది. వెయిట్‌లిఫ్టింగ్‌లో పిల్లలకు ముందు కర్రతోనో ఖాళీ బార్‌తోనో కదలిక నేర్పుతారు. ప్లేట్లు తర్వాత సంగతి.

ఆ వరుస జిమ్‌లో కుదరాలంటే మొదట బార్ జోలికే పోవద్దు. ఒక డంబెల్‌ను నిలువుగా పట్టుకుని ఛాతీకి ఆనించి, పాదాలు భుజాలంత వెడల్పులో పెట్టి, వేళ్లను కాస్త బయటికి తిప్పి కూర్చోండి. ముందున్న బరువు వెనక్కి పడనివ్వదు కాబట్టి లోతు దానంతటదే వస్తుంది. మోకాళ్లు వేళ్లు చూసే దిక్కుకే వెళ్లాలి, లోపలికి ముడుచుకోకూడదు. మడమలు లేస్తుంటే వాటి కింద చిన్న ప్లేట్లు పెట్టుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. వెయిట్‌లిఫ్టింగ్ బూట్లకు మడమ ఎత్తు పెట్టేది అందుకే. ఇది కుదిరాక ఖాళీ బార్. రాక్‌లో బార్ ఛాతీ ఎత్తులో ఉండాలి, సేఫ్టీ పిన్నులు అడుగుకు దిగినప్పుడు బార్ ఉండే ఎత్తుకు కాస్త కిందుండాలి. గట్టిగా ఊపిరి పీల్చి, పొట్టను బిగించి దిగాలి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టే ముందు డాక్టర్‌ను అడగాలి. ఫోన్‌ను తుంటి ఎత్తులో పక్కన పెట్టి వీడియో తీయండి. బార్ కొస పాదం నడిమికి పైన నిలువు గీతలా కదులుతోందా చూడండి. వేళ్ల వైపు జారుతుంటే మడమలు తేలిపోతున్నాయన్నమాట. అప్పుడు ‘తొడ కండరాలు బిగించు’ అనడం కంటే ‘నేలను కిందికి తొయ్యి’ అనడం మేలు. దృష్టి సొంత ఒంటి మీద కాకుండా బయటి వస్తువు మీద ఉంటే కదలిక బాగా పట్టుబడుతుంది: పరిశోధకురాలు గాబ్రియేల్ వుల్ఫ్ 1998లో స్కీయింగ్ యంత్రం మీద చేసిన ప్రయోగంలో, పాదాల మీద దృష్టి పెట్టినవాళ్ల కంటే వాటి కిందున్న చక్రాల మీద దృష్టి పెట్టినవాళ్లు బాగా నేర్చుకున్నారు.

ఖాళీ బార్‌తో కాలక్షేపం చేస్తే బలం ఎప్పుడొస్తుందన్నది చాలామంది కుర్రాళ్ల సందేహం. 1979లో పరిశోధకులు మోరిటానీ, డెవ్రీస్ చూపిందేమిటంటే, మొదటి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం కండ పెరగడం వల్ల రాదు, నరాలు పని నేర్చుకోవడం వల్ల వస్తుంది. అంటే ఆ వారాల్లో శరీరం దేన్ని పదేపదే చేస్తే దాన్నే నేర్చుకుంటుంది. వంకర స్క్వాట్ చేస్తే వంకరే కుదురుతుంది, దాన్ని విడిపించడం తర్వాత మరింత కష్టం. పైగా బార్ నిలువు గీత తప్పనంతకాలం సెషన్‌కు రెండున్నర కిలోలు చొప్పున పెంచుకుంటూ పోయినా నెలల్లో గణనీయమైన బరువుకే చేరతారు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, దిగుతుంటే నొప్పి వచ్చేవాళ్లు మాత్రం లోతును తగ్గించి ఫిజియోథెరపిస్ట్ సలహా తీసుకోవాలి. వాళ్ల విషయంలో మోకాళ్లను కొంత వెనక పట్టడం సరైన నిర్ణయమే కావొచ్చు. కానీ అది ఒక రోగికి ఇచ్చిన మందు. దాన్ని ఆరోగ్యంగా ఉన్న ప్రతివాడికీ పోయడం తగదు.

ట్రైనర్లకు ఒక విన్నపం. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి నెలలో పది జాగ్రత్తలు ఏకరువు పెట్టకండి. మోకాళ్ల మాట పక్కన పెట్టి, పక్కనుంచి తీసిన వీడియోలో బార్ దారి చూపించండి. ఆ దారి తప్పిన రోజు ప్లేటు పెంచకండి.